పళ్లెంలో మిగిల్చినదానికి లెక్క ఉంది

ఈ బియ్యం ఎక్కడ పండాయి, వాటికి ఎన్ని నీళ్లు పోశారు, మిగిలింది పారేస్తే ఏమవుతుంది? ఈ మధ్య మన పిల్లలు ఇలాంటి ప్రశ్నలు అడుగుతున్నారు. బొంతపల్లి, బొల్లారం, పటాన్‌చెరు ఫ్యాక్టరీల చుట్టూ కాపురాలుంటున్న పెద్దలం చాలామందిమి విసుక్కుంటున్నాం. మాంసం మానిపించడానికే ఈ మాటలని అనుమానిస్తున్నాం. ఆ అనుమానం ఊరికే రాలేదు. తిండి పేరుతో మనల్ని వేలెత్తి చూపినవారున్నారు. అయితే మన పిల్లల ప్రశ్న అది కాదు.

పశువుల పెంపకం వల్ల భూమి వేడెక్కుతోందన్నది నిజమే. నీళ్లు నిలగట్టి పండించే వరిపొలం నుంచి కూడా మీథేన్ వాయువు వెలువడుతుంది. కనుక ఈ ప్రశ్న ఒక్క మతానిది కాదు, అన్నం తినే ప్రతి ఇంటిదీ.

ముఖ్యంగా మన ప్రాంతానిది. నక్కవాగు నీటితో ఒకప్పుడు పంటలు పండేవి. ఆ వాగులో రసాయనాలు కలిశాయి. ఈ కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టులో కేసు దాఖలైంది. పటాన్‌చెరు మురుగునీటి శుద్ధి కేంద్రం నుంచి బయటికొస్తున్న నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆ మందు వాడే రోగి రక్తంలో కూడా అంత ఉండదు! పొలం పాడైతే పళ్లెం ఏమవుతుందో మన పిల్లలు పుస్తకాల్లోనే చదవనక్కరలేదు.

ఇదే పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. జొన్న, సజ్జ వంటి మెట్టపంటలపై పరిశోధనలు అక్కడ జరుగుతున్నాయి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు పాత విత్తనాలను కాపాడుతున్నాయి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. మన దాదీ, నానీలు తిన్న జొన్నరొట్టెకే ప్రపంచం ఇంత గౌరవం ఇచ్చింది. అయితే కూలిడబ్బులతో బతికే ఇల్లాలికి రేషన్ బియ్యం వదిలి జొన్నలు కొనమని చెప్పడం తేలిక కాదు. ఆ భారం ప్రభుత్వం మోయాలి. రేషన్ దుకాణంలో బియ్యంతోపాటు జొన్నలూ ఇవ్వమని అడుగుదాం.

మన చేతిలో ఉన్నది మరొకటి ఉంది. 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందనీ, అందులో అరవై శాతం ఇళ్లలోనే జరిగిందనీ ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ లెక్క చెప్పింది. ఇక మన వలీమాల సంగతి? విందు ముగిశాక షాదీఖానా వెనుక కుప్పపడిన బిర్యానీని చూడనివారెవరు? ఇస్రాఫ్ కూడదని పిల్లలకు చెప్పింది మనమే. ఆ పాఠాన్నే ఇప్పుడు వాళ్లు మనకు అప్పజెబుతున్నారు. పారేసిన ప్రతి ముద్దలో ఎక్కడో ఒక వాగు నీరు, ఒక రైతు చెమట, ఒక జీవం ప్రాణం ఉన్నాయి.

కాబట్టి వారి నోరు మూయించకుండా వారికి పని అప్పగిద్దాం. వచ్చే పెళ్లిలో ఎంతమందికి వండాలో, మిగిలింది వేడిగా ఉండగానే ఏ బస్తీకి చేర్చాలో యువకులే చూసుకోనిద్దాం. నలుగురూ ఏమనుకుంటారోనన్న భయంతో రెండు దేగ్‌లు ఎక్కువ వండించే పెద్దలం ఆ ఒక్క విషయంలో వారి మాట విందాం.