బుగాటీ బొమ్మకు ఖీమత్ ఎట్లా కట్టాలి?

మా తొర్రూరులో ఎవరి చేతికి డైకాస్ట్ కారు ఇచ్చినా ముందు చేసే పని ఒక్కటే. అరచేతిలో పెట్టుకుని కొంచెం పైకీ కిందకీ ఆడించి చూస్తారు. "వజన్ ఉంది, అసలు మాల్" అని ఫైసలా చెప్పేస్తారు. వాళ్ళను తప్పు పట్టలేం. జనగామ పక్కనే పెంబర్తి ఇత్తడి పని ఉంది. జహేజ్‌లో ఇచ్చే గిన్నెలు కూడా కిలోల లెక్కన కొన్న ఖాందాన్లు మనవి. లోహం అంటే వజన్, వజన్ అంటే ఖీమత్. కానీ సూపర్‌కారు నమూనా దగ్గర ఈ తరాజు పనికిరాదని నా రాయ్.

లెక్క వేసి చూడండి. అసలు బుగాటీ షిరాన్ పొడవు 4,544 మిల్లీమీటర్లు, బరువు 1,995 కిలోలు. 16 సిలిండర్లు, 8 లీటర్ల ఇంజన్, 1,500 హార్స్‌పవర్. 1:18 నమూనా అంటే పొడవు పద్దెనిమిదో వంతు, అంటే పాతిక సెంటీమీటర్లు. వెడల్పు, ఎత్తు కూడా అంతే. మూడు వైపులా తగ్గింది కాబట్టి బరువు 5,832వ వంతుకు పడిపోవాలి. అంటే దాదాపు 342 గ్రాములు. జింక్ పోతపోసిన బొమ్మ ఇంతకంటే ఎక్కువే తూగుతుంది. బరువు ఎక్కువుందంటే రేకు మందంగా ఉందని అర్థం, అంతే. రేకు మందమైతే తలుపు అంచులు మొద్దుబారతాయి, సందులు వెడల్పవుతాయి. అందుకే ఒకప్పుడు లోహపు బొమ్మలకే నామ్ సంపాదించిన ఆటోఆర్ట్ కంపెనీ పై బాడీని కంపోజిట్ ప్లాస్టిక్‌లోకి మార్చింది. పాత శౌఖీన్లు అలిగారు. నాకైతే ఆ మార్పు సరైందే అనిపిస్తుంది. గోటితో తట్టి చూస్తే ప్లాస్టిక్ చప్పుడు వస్తుంది నిజమే, కానీ కారు నమూనాను చూసేది చెవితో కాదు కదా.

మరి దేంతో చూడాలి? బొమ్మను మేజ్ మీద పెట్టి, మీ కళ్ళను మేజ్ మట్టానికి దించండి. పైనుంచి చూస్తే ప్రతి కారూ ఖూబ్‌సూరతే. మట్టం నుంచి చూసినప్పుడు చక్రానికీ, దానిపై కమానుకీ మధ్య ఎంత ఖాళీ ఉందో తెలుస్తుంది. అసలు షిరాన్ నేలకు కరుచుకుని ఉంటుంది. బొమ్మ జీపులాగా ఎత్తుగా నిలబడిందంటే మార్కులు తీసేయండి. తర్వాత ముందువైపు గుర్రపు నాడా ఆకారంలో ఉండే జాలీ. అది వెలుతురు దూరే నిజమైన జాలీయా, నల్లరంగు పూసిన ప్లాస్టిక్ దిమ్మెనా? దాని పైన ఎర్రటి అండాకారపు బిళ్ళలో బుగాటీ అక్షరాలు చదవగలుగుతున్నామా? ఇక రంగు. మెటాలిక్ రంగులో మెరిసే రవ్వలు అసలు కారులో కంటికి కనపడీ కనపడనట్టు ఉంటాయి. బొమ్మ మీద ఆ రవ్వలు విడివిడిగా కనిపిస్తే, అవి అసలు కారు మీద కంకరరాళ్ళంత ఉన్నట్టు లెక్క. చాలామంది దీన్ని పట్టించుకోరు. నేను మాత్రం ముందు అదే చూస్తాను.

బురాగో కంపెనీ షిరాన్ ఐదు వేలకు అటూఇటూగా దొరుకుతుంది. ఆటోఆర్ట్‌ది ఇరవై వేలు దాటుతుంది. బురాగోలో కూడా తలుపులు తెరుచుకుంటాయి, స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలు తిరుగుతాయి. నాలుగు రెట్లు పైసలు పెడితే వచ్చేది ఆ జాలీ, ఆ తలుపు సందు, ఆ రంగు. నాలుగు రెట్ల ఖుషీ మాత్రం రాదు. పైగా ఆ ధరలో కొంత కారులో లేనే లేదు. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. మీరు తిరిగి అమ్మేటప్పుడు ఆ సుంకం ఎవరూ వాపస్ ఇవ్వరు. ఇంకో మాట. డబ్బా మీద 14 ఏళ్ళు పైబడినవారికి అని రాసి ఉంటే అది షో కోసం కాదు. సైడ్ అద్దాలు పుటుక్కున విరిగి వస్తాయి. ఇంట్లో పాకే బిడ్డ ఉంటే అల్మారీకి తాళం వేయండి.

"పెద్దవాళ్ళకు ఈ బచ్పనా ఏంది భాయ్" అనేవాళ్ళు ప్రతి మొహల్లాలో ఉంటారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో పిల్లల విభాగం చూసి రమ్మని చెబుతాను. ఆ సైనికుల బొమ్మలూ రైళ్ళూ ఉన్న చోట ఎవరూ ఆ మాట అనరు. దీన్ పేరుతో కసిరేవాళ్ళకు హజ్రత్ ఆయిషా (ర) గుర్రం బొమ్మను యాద్ చేస్తాను. అబూ దావూద్‌లో ఉన్న రివాయతే. ఆమె బొమ్మల మధ్య గుడ్డ రెక్కలున్న గుర్రం ఒకటి ఉంది. గుర్రానికి రెక్కలేమిటని హుజూర్ (స) అడిగితే, సులైమాన్ (అ) గుర్రాలకు రెక్కలుండేవని వినలేదా అని ఆమె జవాబిచ్చారు. ఆయన దవడ పళ్ళు కనిపించేలా నవ్వారు. రెక్కల గుర్రం ఆ కాలపు సూపర్‌కారు కాక ఇంకేమిటి? కాబట్టి శౌఖ్‌తో నాకు పేచీ లేదు.

నా పేచీ "ఇన్వెస్ట్‌మెంట్" అనే మాటతో. మా ఆపా కొడుకు, నా భాంజా, మొబైల్ రిపేర్ చేస్తాడు. కమాయి హలాల్, చేయి నైపుణ్యం ఉన్నది. చిట్టీ పాడితే నలభై వేలు వచ్చాయి. రెండు ఆటోఆర్ట్ కార్లు కొంటానన్నాడు. వాళ్ళ అమ్మీ చెల్లెలి పెళ్ళి మాట ఎత్తితే, "ఇది ఖర్చు కాదమ్మీ, ఇన్వెస్ట్‌మెంట్" అన్నాడట. ఆపా నన్ను పిలిచింది.

నేను వాడికి రెండు సంగతులు చెప్పాను. ఇష్టంతో అల్మారీలో పెట్టుకున్న వస్తువు మీద జకాత్ లేదు. కొనేటప్పుడే లాభానికి అమ్మాలనే నియ్యత్ ఉంటే అది మాల్-ఎ-తిజారత్. నిసాబ్ ఉన్నవాడు ఏటా దాని బజార్ ధర కట్టి రెండున్నర శాతం తీయాలి. నలభై వేలకు వెయ్యి రూపాయలు. బజార్ ధర అంటే ఆన్‌లైన్‌లో ఎవడో ఆశపడి రాసిన అంకె కాదు, ఈ రోజు వరంగల్‌లో ఒక మనిషి జేబులోంచి తీసి ఇచ్చే పైసలు. "ఇన్వెస్ట్‌మెంట్" అనే ప్రతి శౌఖీన్ ఏడాదికోసారి ఈ లెక్క వేసుకుంటే, తన దగ్గర ఉన్నది ఖజానాయో బొమ్మో వాడికే తెలుస్తుంది.

రెండోది ఐబ్. బజారులో హుజూర్ (స) ధాన్యపు రాశిలో చేయి పెడితే లోపల తడి తగిలింది. వానకు తడిసిందని అమ్మేవాడు చెప్పాడు. మరి జనానికి కనపడేలా పైన ఎందుకు పెట్టలేదని అడిగారు. డైకాస్ట్ కార్లలోనూ అట్లాంటి తడి ఉంది. జింక్‌లో సీసం లాంటి కల్తీ కలిస్తే లోహం లోపల్లోపలే పగిలి, ఉబ్బి, చివరికి పొడి అవుతుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఇంగ్లండ్‌లో పోసిన డింకీ టాయ్స్ ఎన్నో ఇట్లాగే నాశనమయ్యాయి. దానికి ఇలాజ్ లేదు. ఇప్పటి జింక్ శుభ్రమైనదే కానీ తేమకు రంగు కింద బొబ్బలు లేవడం ఇప్పటికీ ఉంది. ఎండ తగిలే కిటికీ పక్కన పెడితే రంగు వెలుస్తుంది. డబ్బా పోతే ధర పడిపోతుంది. చౌమహల్లాలో ఉన్న 1912 నాటి పసుపు రోల్స్ రాయిస్ కేవలం 356 మైళ్ళు తిరిగిందని అందరూ గొప్పగా చెప్పుకుంటారు. బొమ్మల బజారులో డబ్బా విప్పని కారుకు ఉన్న మోజు కూడా అదే. నాకు ఆ మోజు అర్థం కాదు. డబ్బా విప్పకపోతే లోపల బొబ్బలున్నాయో లేదో ఎట్లా తెలుస్తుంది?

భాంజా అప్పటికే ఒక ఎర్ర ఫెరారీని అమ్మకానికి పెట్టి ఉన్నాడు. బానెట్ అంచున ఆవగింజంత బొబ్బలు మూడు. మూడు ఫోటోలు తీశాడు, మూడూ అవతలి వైపు నుంచే. నాలుగో ఫోటో తీయమన్నాను. "మామూ, ఎవరూ కొనరు" అన్నాడు. అయినా తీసి పంపాడు. వరంగల్ మనిషి ఎనిమిది వందలు తగ్గించి తీసుకుపోయాడు. చిట్టీ పైసలు ఇప్పటికైతే ఆపా బీరువాలోనే ఉన్నాయి. వాడు బురాగో షిరాన్ ఒక్కటి చాలంటున్నాడు, నీలం రంగుదా నలుపుదా అన్న దగ్గర ఆగాడు.