ముక్కు కింద కోత... మూడుసార్లు ఆలోచించాకే!

నలభై దాటాక పాత ఫొటో పక్కన పెట్టుకుని అద్దంలో చూసుకుంటే ఓ తేడా తెలుస్తుంది. అప్పట్లో నోరు కాస్త తెరవగానే పైపళ్ల అంచు కనిపించేది. ఇప్పుడు కనిపించదు. వయసుతోపాటు ముక్కుకీ పైపెదవికీ మధ్య చర్మం సాగి, పెదవి కిందికి జారడమే కారణం. ఆ దూరాన్ని తగ్గించే శస్త్రచికిత్సే 'లిప్ లిఫ్ట్'.

'ఫిల్లర్ ఇంజెక్షన్ చాలదా?' అంటారు చాలామంది. అది పెదవిని నింపుతుందే కానీ దూరాన్ని తగ్గించదు. అయితే హైలురోనిక్ ఆమ్లంతో చేసిన ఫిల్లర్ నచ్చకపోతే కరిగించేయొచ్చు. కోసి తీసేసిన చర్మం మాత్రం తిరిగి రాదు. అందుకే పద్ధతిని ముందే తేల్చుకోవాలి.

బుల్‌హార్న్: ముక్కు కింది మడతలో ఎద్దు కొమ్ముల ఆకారంలో కోసి, కొన్ని మిల్లీమీటర్ల చర్మం తీస్తారు. పెదవి మధ్యభాగం బాగా లేస్తుంది. మచ్చ మడతలో కలిసిపోతుంది.

ఇటాలియన్: రెండు ముక్కురంధ్రాల కిందా విడివిడిగా చిన్న కోతలు. నడుమ మచ్చ ఉండదు. మధ్యభాగం అంతగా లేవదు.

గల్‌వింగ్: కోత పెదవి అంచు వెంబడే. ఆకృతి బాగా మారుతుంది కానీ మచ్చ ఎదుటివాళ్ల కంట పడే చోట ఉంటుంది.

కార్నర్ లిఫ్ట్: వాలిన పెదవి మూలలకే పరిమితం.

మార్పు తెలిసీ తెలియనట్టు ఉండాలనుకునేవాళ్లు ఎక్కువగా మొదటి రెండింటి వైపే చూస్తారు. ఏదైనా తీసే చర్మం తక్కువగా ఉండటమే మేలు. మరీ ఎక్కువ తీస్తే పళ్లు అతిగా కనిపిస్తాయి, నోరు మూసుకోవడమూ ఇబ్బందే. నవ్వితే ఇప్పటికే చిగుళ్లు కనిపించేవాళ్లు ఇంకా జాగ్రత్తపడాలి.

చెవులో, ముక్కో కుట్టించుకున్న చోట కండ పెరిగిందా? ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి. ఈ మచ్చ కూడా అలాగే లావెక్కవచ్చు. పొగతాగే అలవాటుంటే గాయం త్వరగా మానదు.

కుట్లు వారంలో తీసేస్తారు. వాపు తగ్గడానికి కొన్ని వారాలు, ఎరుపు పోవడానికి నెలలు పడుతుంది. మచ్చ పూర్తిగా సర్దుకోవడానికి ఏడాది. వచ్చే నెల ఇంట్లో పెళ్లి పెట్టుకుని చేయించుకునే పని కాదిది.

డాక్టర్‌ను ఎంచుకునేటప్పుడు మీలాంటి చర్మఛాయ ఉన్నవారి ఫొటోలు అడగండి. ఏడాది తర్వాత, మేకప్ లేకుండా, దగ్గర నుంచి తీసినవి. అసలు విషయం వాటిలోనే తెలుస్తుంది.