వన్నె తగ్గని తోలుపర్సు

కిళ్ళీకొట్టులో సైతం ఫోనుతో డబ్బు చెల్లించగల రోజులివి. 2016లో యు.పి.ఐ. విధానం వచ్చినది. అదే సంవత్సరం నవంబరు 8వ తేదీన పెద్దనోట్ల రద్దు ప్రకటింపబడినది. ఇక పర్సుకు కాలం చెల్లినదని పలువురు తీర్మానించారు. ఐనను మన విద్యార్థుల జేబులలో మడతపర్సు నేటికీ పదిలంగానే ఉన్నది. ఈ మమకారానికి కారణమేమిటో విచారించడం అవసరమని మా అభిప్రాయం.

తెలుగులో తిత్తి అన్నాం, ఉర్దూలో బటువా అన్నాం, ఇప్పుడు పర్సు అంటున్నాం. పేరేదైనా మంచి తోలుపర్సు వెనుక ఎంతో శ్రమ ఉన్నది. పచ్చితోలు ఊరక వదిలితే కుళ్ళిపోతుంది. దానిని సున్నపునీటిలో నానవేసి, వెంట్రుకలు తీసి, తంగేడుచెక్క, కరక్కాయల వగరు పట్టించడం మన పాత పద్ధతి. అది వారాల తరబడి సాగే పని. నేడు చాలవరకు క్రోమియం లవణాలతో త్వరగా పదును చేస్తున్నారు.

రెక్సిను గుడ్డమీది పూత. కొన్ననాడే దాని అందమంతా, పిదప పెచ్చులూడుతుంది. పైపొర చెదరని తోలు అలా కాదు. చేతి చమురు పీల్చుకొని ఏళ్ళు గడిచినకొద్దీ నిగ్గు తేలుతుంది. ఒకే దారపు రెండు కొనలకు రెండు సూదులు తొడిగి చేతితో వేసిన కుట్టు ఒకచోట తెగినా, ప్రక్క కుట్లు వెంటనే విడిపోవు. పాడైనచోట బాగుచేసుకొనవచ్చును. ఈ మన్నికలోనే దాని ఆకర్షణ ఉన్నది.

మా నాన్నగారిచ్చిన పర్సు రెండుమార్లు కుట్లు వేయించుకొని నేటికీ మా వద్ద ఉన్నది. రెండుమార్లూ కుట్టినది చెట్టుక్రింద కూర్చొని పనిచేసే ఒక వృద్ధుడే. రెండవమారు మేము అక్కడ నిలుచుండగా, చదువుకొన్న యువకుడొకడు ఆయనను “ఏరా” అని పిలిచాడు. మాకు కోపం వచ్చినది. మరుక్షణమే సిగ్గు కలిగినది. ఇన్నేళ్ళలో మేమైనా ఆయన పేరు అడిగి ఎరుగము.

తంగేడుపువ్వును తెలంగాణ రాష్ట్రపుష్పంగా గౌరవించుకొంటున్నాం. తంగేడుచెక్కతో తోలు పదును చేసిన చేతులను మాత్రం తరతరాలుగా ఊరికి వెలుపల ఉంచాం. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసినది. మన నాలుక ఇంకా రద్దు చేయలేదు. పర్సును గుండెకు దగ్గరగా పెట్టుకొని, పర్సు చేసినవానిని దూరం పెట్టడం విద్యావంతులకు తగదు.

కళాశాల కమిటీవారికి మాదొక మనవి. వార్షికోత్సవ బహుమతులుగా ప్లాస్టిక్ జ్ఞాపికలకు బదులు, మన ఊరి పనివారు కుట్టిన తోలువస్తువులు కొన్నైనా ఇవ్వండి. న్యాయమైన వెల చెల్లించి, వేదికమీద వారి పేరు చదవండి.

విద్యార్థులారా! ఈసారి పర్సు కుట్టించుకొన వెళ్ళినప్పుడు ముందు ఆ పెద్దాయన పేరడగండి. “మీరు” అని పలకరించండి.