ఏడవని బిడ్డ బుద్ధిమంతుడేనా?

ఉయ్యాలలోని పసికందు అలికిడి లేకుండా పడుకుంటే "ఎంత బుద్ధిమంతుడో!" అని మురిసిపోవడం మన ఇళ్లలో పరిపాటి. రోజుల బిడ్డ ఆకలికైనా ఏడవకపోయినా, పాలు చీకలేక సోలిపోతున్నా, మురిసిపోక వెంటనే వైద్యునికి చూపవలెనని నా మనవి.

ప్రాడర్-విల్లీ సిండ్రోమ్ అనే అరుదైన జన్యులోపం ఒకటి ఉన్నది. ప్రాడర్, లాబ్‌హార్ట్, విల్లీ అనే స్విట్జర్లాండు వైద్యులు 1956లో దీనిని వర్ణించారు. సుమారు 15 వేల నుండి 25 వేల జననాలలో ఒకరికి ఇది కనిపిస్తుంది. 15వ క్రోమోజోములో తండ్రి వైపు నుండి పనిచేయవలసిన కొన్ని జన్యువులు పనిచేయకపోవడమే దీనికి మూలం. చాలావరకు ఇది వంశపారంపర్యం కాదు. గర్భిణి తిన్న తిండికీ, చేసిన పనికీ దీనితో సంబంధం లేదు. కండరాలలో పట్టులేక బిడ్డ మెత్తగా వాలిపోతుంది. ఏడుపు సన్నం, చీకే శక్తి స్వల్పం.

అయినా నింద తల్లిదే. "పాలు పడలేదు" అని తీర్పు చెప్పి, బిడ్డను కాళ్లపై వెల్లకిల పడుకోబెట్టుకొని ఉగ్గుగిన్నెతో పోయబోతారు. మింగే బలం చాలని శిశువుకు ఆ పాలు ఊపిరితిత్తులలోనికి పోయే ప్రమాదమున్నది.

వైద్యులు ముక్కు ద్వారా పొట్టలోనికి సన్నని గొట్టం వేయాలనగానే ఇల్లంతా కుంగిపోతుంది. ఎందుకు కుంగవలె? ఆ గొట్టంలో పోసేది తల్లి పిండి ఇచ్చిన పాలే కావచ్చును. సాధారణంగా కొన్ని వారాలో, కొన్ని నెలలో గడిచేసరికి చీకే బలం వస్తుంది. అంతవరకు పూటకు 20, 30 నిమిషాలకు మించి చీకిస్తే తాగిన పాల బలం ఆ శ్రమకే ఖర్చయిపోతుంది. బిడ్డ అడగదు గనుక గడియారం చూచి పట్టాలి. తరచుగా తూచి, బరువును ఎదుగుదల పట్టికలో గుర్తించాలి.

మిథైలేషన్ అనే రక్తపరీక్షతో రోగం పేరు త్వరగా తెలుస్తుంది. తెలిస్తే మేలేమిటందురా? ఎదుగుదలకూ కండబలానికీ తోడ్పడే గ్రోత్ హార్మోన్ చికిత్స ఉన్నది. అమెరికాలో దీనికి 2000లోనే అనుమతి లభించింది. పైగా, నేడు చీకలేని ఈ బిడ్డనే కొన్నేళ్లకు తీరని ఆకలి పట్టుకుంటుంది. అప్పుడు ముద్దుకొద్దీ పెట్టే అదనపు ముద్ద హాని చేస్తుంది. ముందే తెలిసిన తల్లిదండ్రులు ఇంటి తిండి పద్ధతిని తొలినుండే దిద్దుకోగలరు.

బాలింతను చూడబోయే పెద్దలు "పాలు పడ్డాయా?" అని తల్లిని అడిగేముందు, "బిడ్డ బాగా చీకుతున్నదా?" అని అడగడం అలవరచుకుంటే చాలు.