సైకిలు తొక్కితే రోగం తగ్గుతుందా?



అమెరికాలో ఉంటున్న కొడుకో, కోడలో, మేనల్లుడో ఫోను చేసి, "ఈ ఆగస్టులో క్యాన్సరు రోగుల కోసం రెండు రోజులు సైకిలు తొక్కుతున్నాను, మీరూ ఎంతో కొంత చందా వేయండి" అని అడిగితే మన ఇళ్లలో పెద్దవాళ్లకు వెంటనే ఒక సందేహం వస్తుంది. వీడు సైకిలు తొక్కితే మంచం మీద ఉన్న రోగికి ఒరిగేదేమిటి? పదిమందినీ అడిగే బదులు ఆ డబ్బేదో తానే నేరుగా ఆసుపత్రికి కట్టవచ్చు కదా?

ఈ ప్రశ్న న్యాయమైనదే. సైకిలు తొక్కినందువల్ల ఏ రోగమూ తగ్గదు. కానీ ఆ సైకిలు వంకతో పోగయ్యే చిన్న చిన్న మొత్తాలు సరైన లెక్కతో, సరైన చోటికి చేరితే, ఇచ్చినవారు ఎన్నడూ చూడని పిల్లలను కూడా బ్రతికిస్తాయి. అందుచేత ఇలాంటి యాత్రలు మంచివేనని నా అభిప్రాయం. అయితే కొన్ని షరతులున్నాయి. అవేమిటో చెప్పేముందు ఒక నిజమైన యాత్ర సంగతి తెలుసుకుందాం. ఆ యాత్ర జరిగేది అమెరికాలో. దాని వెనుక కథలో కొంత భాగం మాత్రం మన గోదావరి ప్రాంతానిదే.

36 మందితో మొదలైన యాత్ర

అమెరికాలో మసాచుసెట్స్ అనే రాష్ట్రం ఉంది. బోస్టన్ నగరం ఆ రాష్ట్రంలోదే. అక్కడ బిల్లీ స్టార్ అనే యువకుని తల్లి 1974లో మెలనోమా అనే చర్మ క్యాన్సరుతో మరణించింది. 1980లో అతడు 36 మందిని వెంటబెట్టుకొని స్ప్రింగ్‌ఫీల్డ్ నుండి సముద్రపు ఒడ్డున ఉన్న ప్రావిన్స్‌టౌన్ వరకు సుమారు 350 కిలోమీటర్లు సైకిలు యాత్ర చేశాడు. ఆ ఏడాది వాళ్లు పోగుచేసిన సొమ్ము 10,200 డాలర్లు. దానిని బోస్టన్‌లోని డానా ఫార్బర్ క్యాన్సరు సంస్థకు ఇచ్చారు.

ఆ యాత్ర పేరు పాన్ మాస్ చాలెంజ్. ప్రతి ఏడాది ఆగస్టు మొదటి శని, ఆదివారాల్లో ఇప్పటికీ జరుగుతోంది. ఒక్క రోజులో ముగిసే దారులూ ఉన్నాయి, రెండు రోజుల్లో సుమారు 300 కిలోమీటర్లు తొక్కవలసిన దారీ ఉంది. వేలమంది తొక్కుతారు. నీళ్లు అందించడానికి, దారి చూపించడానికి, దెబ్బలకు కట్టు కట్టడానికి మరికొన్ని వేలమంది జీతం లేకుండా పనిచేస్తారు. 1980 నుండి 2024 వరకు ఈ యాత్ర ద్వారా ఆ ఆసుపత్రికి చేరిన మొత్తం 100 కోట్ల డాలర్లు దాటింది.

36 మందితో మొదలైన పని ఇంత ఎలా పెరిగింది? నా దృష్టిలో ముఖ్యమైన కారణాలు రెండు. మొదటిది బాధ్యత. పేరు నమోదు చేసుకున్నవాళ్లు ఎంత సేకరించాలో ముందే ఒప్పుకోవాలి. అంతకు తగ్గితే మిగిలినది తమ సొంత డబ్బులోంచి కట్టాలి. రెండవది లెక్క. 2007 నుండి సైకిలు తొక్కేవారు పోగుచేసిన ప్రతి డాలరూ పూర్తిగా ఆసుపత్రికే వెళ్తోంది. భోజనాలు, రవాణా వంటి ఖర్చులను నమోదు రుసుముల నుండి, వ్యాపార సంస్థల విరాళాల నుండి భరిస్తున్నారు. చందా ఇచ్చినవారి రూపాయి దారిలో అరిగిపోదన్న నమ్మకమే ఈ యాత్రను నిలబెట్టింది.

బోస్టన్‌కు భీమవరంతో ఉన్న బంధం

ఆ ఆసుపత్రిని స్థాపించినది సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల వైద్యశాల డాక్టరు. 1940లలో పిల్లలకు రక్త క్యాన్సరు వస్తే కొన్ని వారాల్లో, నెలల్లో చనిపోవడమే. మందంటూ లేదు. ఆ రోజుల్లో ఫార్బర్‌కు అమినోప్టెరిన్ అనే మందు అందింది. దానిని తయారుచేసినది న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాల. అక్కడి పరిశోధనకు నాయకుడు మన భీమవరంలో 1895లో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

1948 జూన్‌లో ఫార్బర్ తన ఫలితాలను ప్రకటించాడు. మందు ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కు తగ్గింది. తరువాత మళ్లీ తిరగబెట్టింది, నిజమే. అయినా పిల్లల రక్త క్యాన్సరు మందుకు లొంగుతుందని ప్రపంచానికి మొదట తెలిసినది అప్పుడే. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావుగారు 53 ఏళ్లకే కన్నుమూశారు.

ఆయన అమెరికా వెళ్లిన విధం కూడా మనం గుర్తు చేసుకోవాలి. సొంత డబ్బుతో వెళ్లగల స్థితి ఆయనకు లేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సహాయం చేస్తామని మాట ఇచ్చింది. మామగారు మరికొంత సొమ్ము సమకూర్చారు. అలా 1923లో ఆయన బోస్టన్ చేరారు. కాకినాడలో ఆ ధర్మం చేసినవారికి బోస్టన్‌లో రక్త క్యాన్సరుతో ఉన్న పిల్లల సంగతి ఏం తెలుసు? చదువుకోవాలనుకున్న ఒక పిల్లవానికి చేయూత ఇచ్చారు, అంతే. ఆ సహాయం పాతికేళ్ల తరువాత ఫలించింది.

అమినోప్టెరిన్‌కు దగ్గరి బంధువు మెథోట్రెక్సేట్. పిల్లల రక్త క్యాన్సరు చికిత్సలో నేటికీ దానిని వాడుతున్నారు. ఈ పత్రిక చదివేవారిలో కీళ్లవాతానికి ఆ మాత్ర వేసుకునేవారు కూడా ఉండవచ్చు. వారు ఒక జాగ్రత్త మరువకూడదు. కీళ్లవాతానికి ఇచ్చే ఆ మాత్ర వారానికి ఒక్కరోజు మాత్రమే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

1948లోనే ఫార్బర్ మిత్రులు రేడియో ద్వారా ప్రజలను చందాలు అడిగారు. జిమ్మీ అనే మారుపేరుతో ఒక బాల రోగి మాటలు వినిపించారు. రెండు లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. ఆ నిధికి జిమ్మీ నిధి అనే పేరే నిలిచింది. ఆ బాలుడు ఎప్పుడో చనిపోయి ఉంటాడని చాలామంది అనుకున్నారు. 1998లో చూస్తే, అతడు లారీ డ్రైవరుగా పనిచేసుకుంటూ బ్రతికే ఉన్నాడని తెలిసింది. 2001లో 65 ఏళ్ల వయసులో చనిపోయాడు.

నేరుగా ఇవ్వవచ్చు కదా?

ఇవ్వవచ్చు. నేరుగా ఇచ్చేవారు తప్పక ఇవ్వండి. కానీ ఒక మనిషి తన జేబులోంచి ఇస్తే అది ఒక్కరి దానం. అదే మనిషి సైకిలు యాత్రకు పేరు ఇస్తే, నలభై, యాభైమంది దగ్గరికి వెళ్లి చెయ్యి చాచాలి. మన వాళ్లకు అడగడం కంటే ఇవ్వడమే సులభం. అడగాలంటే గర్వం తగ్గించుకోవాలి. ఎందుకు అడుగుతున్నామో చెప్పాలి. "మా అమ్మకు రొమ్ము క్యాన్సరు వచ్చింది, ఆమె కోసం తొక్కుతున్నాను" అని పైకి అనాలి.

ఆ ఒక్క మాట విలువ చాలా పెద్దదని నేను అనుకుంటున్నాను. మన ఇళ్లలో ఈ జబ్బుకు పేరే లేదు. 'ఆ జబ్బు' అంటాం, 'పెద్ద జబ్బు' అంటాం. ఆడపిల్ల పెళ్లి చెడిపోతుందని దాస్తాం. ఇరుగుపొరుగు ఏమనుకుంటారోనని దాస్తాం. చివరికి రోగికే చెప్పం. దాచినందువల్ల గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడు రావలసిన మనిషి, పుండు పడ్డాక వస్తుంది. జబ్బు పేరు నలుగురిలో పలకడం అలవాటైన ఊరిలో రోగులు త్వరగా వస్తారు. త్వరగా వచ్చినవారికి బాగయ్యే అవకాశం ఎక్కువ.

ఇంకొక మాట. బోస్టన్ యాత్రలో తొక్కేవారిలో వందలమంది క్యాన్సరు నుండి కోలుకున్నవారు, ఇంకా చికిత్సలో ఉన్నవారు. నిన్ననే జబ్బు సంగతి విన్న తల్లి, ఒకప్పుడు అదే జబ్బుతో పడకలో ఉన్న మనిషి కొండదారిలో సైకిలు తొక్కడం చూస్తే ఆమెకు కలిగే ధైర్యం మాత్రలతో వచ్చేది కాదు.

తొక్కదలచినవారికి కొన్ని సలహాలు

ధర్మకార్యం కదా అని శరీరం ఊరుకోదు. ఏడాది పొడుగునా కుర్చీలో కూర్చొని, ఆగస్టులో ఒక్కసారి 150 కిలోమీటర్లు తొక్కితే సహాయం చేయబోయినవారే మంచం పడతారు.

మూడు నాలుగు నెలల ముందే సాధన మొదలుపెట్టండి. దూరాన్ని వారం వారం కొద్దికొద్దిగా పెంచండి. సీటు ఎత్తు మీ కాలికి సరిపోయేలా పెట్టించుకోండి, లేకుంటే మోకాళ్లు పట్టేస్తాయి. హెల్మెట్ లేకుండా వీధి చివరకు కూడా వెళ్లవద్దు.

దాహాన్ని బట్టి నీళ్లు తాగండి. బాగా చెమట పట్టే రోజు ఉప్పు, చక్కెర కలిసిన పానీయం కూడా తీసుకోండి. వట్టి నీళ్లే అదేపనిగా తాగితే రక్తంలో ఉప్పు తగ్గి తల తిరగడం, తికమక, మూర్ఛ కూడా రావచ్చు.

గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు డాక్టరును అడిగాకే పేరు ఇవ్వండి. మధుమేహానికి ఇన్సులిన్ గాని, కొన్ని రకాల మాత్రలు గాని వాడేవారికి దారిలో చక్కెర పడిపోవచ్చు. బెల్లం ముక్కో, గ్లూకోజో జేబులో ఉంచుకోండి, తోటివారికి చెప్పి ఉంచండి. క్యాన్సరు చికిత్స పొందినవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. రక్తహీనత ఉన్నా, ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నా సైకిలు ఎక్కవద్దు. కొన్ని క్యాన్సరు మందులు గుండెను బలహీనపరుస్తాయి గనుక ఎకో పరీక్ష అవసరమేమో మీ డాక్టరును అడగండి.

మన ఊళ్లలో ఏం చేయవచ్చు?

ఇది చదివి మన యువకులు విజయవాడ నుండి హైదరాబాదుకు జాతీయ రహదారి మీద బయలుదేరతారేమోనని నాకు భయం. దయచేసి అలా చేయవద్దు. అక్కడ యాత్ర దారిలో పోలీసులు కూడళ్ల వద్ద వాహనాలను ఆపుతారు, దారి పొడుగునా నీళ్లు, వైద్య సహాయం ఉంటాయి. మనకు రహదారి మీద లారీలు, బస్సులు, ఎదురుగా వచ్చే ట్రాక్టర్లు. మనం తెచ్చుకోవలసినది వాళ్ల దూరాన్ని కాదు, వాళ్ల లెక్కను. తెల్లవారుజామున కాలువ గట్టు మీద 20 కిలోమీటర్లు చాలు. ముసలివారైతే నడవవచ్చు.

ఆ సొమ్ము దేనికి? మన పిల్లల అవసరం ఒకటి చెబుతాను. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకం రక్త క్యాన్సరుకు చికిత్స రెండు నుండి మూడు సంవత్సరాలు సాగుతుంది. చికిత్స పూర్తిగా తీసుకున్న పిల్లల్లో ఎక్కువమంది ఈనాడు బాగవుతున్నారు. కానీ మొదటి కొన్ని నెలలు గడిచేసరికి బిడ్డ ఆడుకుంటుంది, జుట్టు మళ్లీ వస్తుంది, జబ్బు పోయిందనిపిస్తుంది. అప్పటికే తండ్రి కూలి పనులు పోగొట్టుకొని ఉంటాడు. ఇంట్లో మిగతా పిల్లలను చూసే దిక్కుండదు. ప్రభుత్వ పథకాలు చికిత్స ఖర్చు చాలావరకు భరించినా బస్సు చార్జీలు, పట్నంలో బస, భోజనం ఎవరు ఇస్తారు? అలా చాలా కుటుంబాలు మధ్యలో ఆపేస్తాయి. ఆపితే జబ్బు తిరగబెడుతుంది. రెండోసారి వస్తే నయం చేయడం చాలా కష్టం.

ఒక బిడ్డకు మూడేళ్లపాటు పట్నానికి వెళ్లివచ్చే చార్జీలు, బస, భోజనం ఒక సంఘం భరిస్తే, ఆ బిడ్డ చికిత్స డబ్బు లేక ఆగిపోదు. అది పెద్ద ఆసుపత్రి కట్టడమంత గొప్ప పని కాకపోవచ్చు. ఆ తల్లికి మాత్రం అంతకంటే పెద్ద పని లేదు.

ఇక ఎవరు చందా అడిగినా మూడు ప్రశ్నలు వేయండి. ఈ డబ్బు ఏ ఆసుపత్రికి, ఏ పనికి వెళ్తుంది? అందులో ఖర్చులకు ఎంత పోతుంది? లెక్క ఎప్పుడు, ఎక్కడ చూపిస్తారు? నిజాయితీగా పనిచేసేవారు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. జవాబు తిన్నగా వస్తే మీకు చేతనైనంత ఇవ్వండి. రాకపోతే మర్యాదగా వద్దని చెప్పి, ఆ సొమ్ము మీ ఎరుకలో ఉన్న రోగి చేతిలో పెట్టండి.

మీ ఇంట్లో గాని, మీ వీధిలో గాని చికిత్స మధ్యలో ఆపేసిన బిడ్డ ఉంటే, రేపే ఆ తల్లిదండ్రులను కలిసి తిరిగి డాక్టరు దగ్గరకు వెళ్లమని చెప్పండి. చార్జీలు లేవంటే ఆ సంగతి నలుగురికి తెలియజేయండి. అడగడానికి సిగ్గుపడవద్దని నా మనవి.