తుఫాను పట్టిన రాత్రి ఎటు చూడాలి

దసరా వెళ్ళిపోతే నెల్లూరు తీరంలో పుట్టినవాళ్ళ కన్ను తూర్పుకు తిరుగుతుంది. రాష్ట్రంలో చాలా జిల్లాలకు వాన నైరుతితో వస్తుంది. మనకు మాత్రం ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే పడాలి. చెరువు నిండాలన్నా ఆ వానే, మడి తడవాలన్నా ఆ వానే, ఇల్లు మునిగినా ఆ వానే. కావలి మొదలు ముత్తుకూరు దాకా ఉన్న తీర మండలాల నుంచి వచ్చిన కుటుంబాలు పరాయి దేశాల్లో ఉన్న మన సంఘంలో చాలా ఉన్నాయి. వాయుగుండం అన్న మాట చెవిన పడితే ఆ ఇళ్ళలో ఎవరికీ కంటి మీద కునుకుండదు. ఈ సంచిక సరిగ్గా ఆ మూడు నెలల ముందు వస్తోంది. అందుకే అలాంటప్పుడు మనం తెరిచి చూసే వెబ్‌సైట్ల గురించి, ఆప్‌ల గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది. వీటిలో చాలావాటిని తుఫాను లేని రోజుల్లో కూడా చూడడం నాకు అలవాటు. ఆ అలవాటు ఉంటేనే అవసరం పడ్డ రోజు అవి మనకు ఉపయోగపడతాయని నా నమ్మకం.

మన వాట్సాప్ గ్రూపుల్లో అన్నిటికంటే ఎక్కువగా తిరిగేది విండీ బొమ్మ. బంగాళాఖాతం మధ్యలో ఎర్రటి సుడి, దాని కింద "పది రోజుల్లో నెల్లూరు మీదికి మహా తుఫాను" అని ఎవరో రాసిన ఒక వాక్యం. విండీ మంచి సైటు, అందులో సందేహం లేదు. గాలి ఎటు వీస్తోందో, అల ఎంత ఎత్తు లేస్తోందో అంత చక్కగా చూపించేవి తక్కువ. అయితే ఆ బొమ్మ వెనకున్న లెక్క విండీది కాదు. ఐరోపా దేశాల ఉమ్మడి సంస్థ ఈసీఎండబ్ల్యూఎఫ్, అమెరికా ప్రభుత్వపు జీఎఫ్‌ఎస్ వంటి నమూనాల లెక్కలకు అది రంగులద్ది మన ముందు పెడుతుంది. ఆ నమూనాలు రోజుకు నాలుగు సార్లు కొత్తగా లెక్క కడతాయి. పది రోజుల అవతలి సుడి ఈ పూట నెల్లూరు మీద ఉంటే మరుసటి పూటకు ఒడిశా మీద ఉండొచ్చు, అసలు లేకుండానే పోవచ్చు. ఒకే రోజుకు ఐరోపా లెక్క, అమెరికా లెక్క రెండూ తెరిచి పక్కపక్కన చూడండి. రెండూ చెరొక చోటు చూపిస్తున్నాయంటే తుఫాను ఎక్కడికి వస్తుందో అప్పటికి ఎవరూ చెప్పలేరని అర్థం. అలాంటి బొమ్మను ఊళ్ళో ఒంటరిగా ఉన్న అమ్మకు పంపి ఆమె నిద్ర చెడగొట్టడం వల్ల ఎవరికీ మేలు జరగదు.

విండీ తర్వాత అడుగు భారత వాతావరణ శాఖ, అంటే ఐఎండీ. ఢిల్లీలో ఉన్న దాని తుఫాను కేంద్రం మన ఒక్క దేశానికే కాదు, ఉత్తర హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న 13 దేశాలకు సలహాలిస్తుంది. తుఫాను పుట్టాక మూడు గంటలకొక బులెటిన్ వస్తుంది. అందులో సుడి ఇప్పుడెక్కడుంది, ఎంత వేగంతో ఎటు కదులుతోంది, ఏ సమయానికి ఎక్కడుంటుంది అన్నీ పట్టిక వేసి ఇస్తారు. గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరితేనే దానికి తుఫాను అని పేరు పెడతారు. అంతకు లోపు 31 నుంచి 49 దాకా వాయుగుండం, 50 నుంచి 61 దాకా తీవ్ర వాయుగుండం. టీవీలో ఏ పేరు చెబుతున్నారన్నది పక్కన పెట్టి ఆ అంకె చూస్తే మన గుండెదడ సగం తగ్గుతుంది, లేదా జాగ్రత్త పడాల్సిన చోట పడతాం.

తీరం వాళ్ళు ఆ బులెటిన్‌లో గాలి వేగం కంటే ముందు చదవాల్సింది ఉప్పెన గురించి రాసిన భాగం. మామూలు పోటు కంటే ఎంత ఎత్తున నీళ్ళు వస్తాయో, ఏ జిల్లాల్లో పల్లపు ప్రాంతాలు మునుగుతాయో అక్కడ ఉంటుంది. తుఫాను తీరం దాటే వేళ, సముద్రం పోటు మీద ఉండే వేళ కలిశాయంటే నీళ్ళు ఇంకా లోపలికి తోసుకొస్తాయి. పోటు, పాటు ఎప్పుడో మన తాతలకు తిథిని బట్టి తెలిసేది. మనకిప్పుడు ఆ లెక్క చెప్పే పట్టికలు ఫోనులోనే దొరుకుతాయి.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పటి సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. నెల్లూరు, మచిలీపట్నం మధ్య తీరం దాటుతుందని బులెటిన్లు చెబుతూ వచ్చాయి. నెల్లూరు పేరు ముందుండడంతో అది నేరుగా నెల్లూరు మీదికే వస్తోందనుకుని ఇక్కడ మనవాళ్ళు కుమిలిపోయారు. ఆ రెండు ఊళ్ళ మధ్య రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరముంది. బులెటిన్ చెప్పింది ఆ మొత్తం తీరం గురించి. చివరికి డిసెంబరు 5న అది బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాగని నెల్లూరుకు ముప్పు తప్పిందని కాదు. దాటడానికి ముందు మన తీరాన్ని ఒరుసుకుంటూ ఉత్తరానికి పోయింది, దారి పొడుగునా కుండపోతగా కురిసింది. మ్యాపు మీద గీసే గీత సుడి నడిమి భాగం నడిచే దారి మాత్రమే. దాని వాన, గాలి ఆ గీతకు ఇటూ అటూ ఎంతో దూరం పరుచుకుని ఉంటాయి. గీత మన ఊరి మీద లేదని నిశ్చింతగా ఉండడమూ సరికాదు.

దూరాన ఉన్న మనకు సమయం దగ్గర ఇంకో చిక్కుంది. నమూనాల బొమ్మల మీద, ఉపగ్రహ చిత్రాల మీద సాధారణంగా యూటీసీ వేళ రాసి ఉంటుంది. దానికి ఐదున్నర గంటలు కలిపితే ఊళ్ళో టైము. యూటీసీ సున్నా గంటలంటే నెల్లూరులో తెల్లవారుజాము ఐదున్నర. శీతాకాలంలో డాలస్‌లో అప్పటికింకా ముందు రోజు సాయంత్రం ఆరు. ఈ లెక్క చూసుకోకుండా "ఇంకో ఆరు గంటల్లో తాకుతుంది" అని పంపితే, ఊళ్ళో వాళ్ళు అది చదివేసరికి ఆ ఆరు గంటలు ఎప్పుడో దాటిపోయి ఉండొచ్చు. ఏ సమాచారం పంపినా ఊరి తేదీ, ఊరి టైము రాసి పంపండి. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోగలిగితే ఇదే గుర్తుంచుకోమంటాను.

సుడి ఒడ్డుకు దగ్గరయ్యాక బులెటిన్ల కంటే రాడార్ ఎక్కువ చెబుతుంది. మచిలీపట్నంలో, శ్రీహరికోటలో, చెన్నైలో డాప్లర్ రాడార్లున్నాయి. వాటి బొమ్మలు ఐఎండీ సైటులో ఎవరైనా చూడొచ్చు. వాన తెర ఎక్కడ చిక్కగా ఉంది, ఎటు కదులుతోంది అన్నది కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది. ఉపగ్రహ చిత్రాలకు ఇస్రో, ఐఎండీ కలిసి తెచ్చిన రాపిడ్ ఉంది. ఆ చిత్రాలు పంపే ఉపగ్రహాల్లో ఇన్శాట్ 3డీఆర్ 2016లో, ఇన్శాట్ 3డీఎస్ 2024 ఫిబ్రవరిలో మన శ్రీహరికోట నుంచే ఎగిరాయి. మనం పెరిగిన తీరం నుంచి లేచిన ఉపగ్రహం అదే తీరాన్ని పైనుంచి కనిపెట్టుకుని ఉందన్న సంగతి నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. ఇవేవీ మన చేతికి అందని రోజుల్లో, 1989 నవంబరులో, గే తుఫాను కావలి దగ్గర తీరం దాటింది. థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టి, అక్కడి నేల దాటి, బంగాళాఖాతమంతా అడ్డంగా ఈదుకుంటూ వచ్చి పడింది. అప్పట్లో పరాయి దేశంలో ఉన్నవాళ్ళకు ట్రంకు కాల్ దొరికితే కబురు, లేకపోతే లేదు. ఇవాళ అంతే దూరంలో కూర్చుని కావలి మీది మబ్బును అరగంటకోసారి చూడగలం.

గాలిని గురించి ఇంత ఆరాటపడే మనం నదిని మరిచిపోతాం. నెల్లూరులో వాన తెరిపిచ్చింది కాబట్టి గండం గడిచిందనుకుంటాం. 2021 నవంబరు చూడండి. వాన దంచికొట్టింది ఎగువన, తిరుమల కొండల్లో, కడప జిల్లాలో. 19వ తేదీన చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్ళు పెన్నాలో కలిశాయి, సోమశిలకు చేరాయి, గేట్లెత్తక తప్పలేదు. కోవూరు దగ్గర జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి, పడుగుపాడు దగ్గర రైలుకట్ట కోసుకుపోయింది. పొర్లుకట్టల పక్కనున్న ఇళ్ళల్లో మనుషులు మేడల మీదికెక్కి కూర్చున్నారు. నెల్లూరుకు వాన పడుతుందా అని ఎన్నిసార్లు చూసినా ఈ ముంపు సంగతి తెలిసేది కాదు. అది తెలిసేది కేంద్ర జల సంఘం వరద సమాచారం చూస్తే. పెన్నా మీద ఎగువన చెన్నూరులో నీటిమట్టం ఎంత, నెల్లూరులో ఎంత, హెచ్చరిక గీతకు ఎంత దూరం అని వాళ్ళు ఎప్పటికప్పుడు పెడతారు. 2023లో ఫ్లడ్‌వాచ్ అన్న ఆప్ కూడా తెచ్చారు. ముందు కడప వాన, ఆ తర్వాత సోమశిల, ఆ పైన నెల్లూరు. పెన్నా ఒడ్డున అమ్మానాన్నలున్న ప్రతి ఒక్కరూ ఈ వరసలో చూడడం నేర్చుకోవాలి. ఎగువన పడ్డ నీళ్ళు ఊరు చేరడానికి గంటలు పడుతుంది. సామాను అటక మీద పెట్టడానికి, గొడ్లను విప్పి మెరక మీదికి తోలడానికి ఆ గంటలు చాలు.

ఇలాంటి సమాచారం చూసి నడుచుకోవడంలో మనకంటే మన పట్టపువాళ్ళు, అంటే సముద్రం మీద వేటకు పోయే మత్స్యకారులు, ముందున్నారు. హైదరాబాదులో 1999లో మొదలైన ఇన్‌కాయిస్ అన్న సంస్థ చేపలు ఎక్కడ గుమిగూడే అవకాశముందో దాదాపు రోజూ చెబుతుంది. సముద్రం పైపొర వేడి, నీటిలో పచ్చదనం రెండూ ఉపగ్రహాల నుంచి కొలిచి, ఏ రేవు నుంచి ఏ దిక్కుకు, ఎంత దూరం, ఎంత లోతు అన్నది తెలుగులో కూడా ఇస్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలో ఆ సూచనలు ఆగుతాయి, సముద్రం అల్లకల్లోలంగా ఉన్నా ఆగుతాయి. 2004 డిసెంబరు 26న సునామీ మన తీరాన్నీ తాకింది. ఆ తర్వాత 2007లో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం కూడా ఇన్‌కాయిస్‌లోనే పెట్టారు. తీరం వదిలి కొన్ని కిలోమీటర్లు లోపలికి పోతే ఫోనుకు సిగ్నల్ ఉండదు. అందుకని ఉపగ్రహం నుంచి నేరుగా హెచ్చరిక అందుకునే జెమిని అన్న చిన్న పరికరాన్ని 2019లో తెచ్చారు. బోటు మీదున్న మనిషికి అది అందుతోందా, అతను దాన్ని నమ్మి వెనక్కి తిరుగుతున్నాడా అన్నదే నాకు ముఖ్యమనిపిస్తుంది. ఒకరోజు వేట పోగొట్టుకోవడమంటే ఆ ఇంటికి డీజిల్ అప్పు మిగలడం. హెచ్చరిక తప్పిన ప్రతిసారీ ఆ నమ్మకం కొంత అరుగుతుంది.

ఇంటి దగ్గర ఉన్నవాళ్ళ ఫోనులో ఒక్క ఆప్ పెట్టగలిగితే సచేత్ పెట్టండి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థది. వాన, పిడుగు, వరద, తుఫాను హెచ్చరికలన్నీ మ్యాపు మీద ఒకచోట వస్తాయి, మనమూ ఇక్కడి నుంచి వెబ్‌లో చూడొచ్చు. పసుపు రంగుంటే గమనిస్తూ ఉండమని, నారింజ అయితే సిద్ధంగా ఉండమని, ఎరుపు వస్తే కదలమని. ఈ మూడు రంగుల సంగతి అమ్మకు, నాన్నకు ఎండాకాలంలోనే చెప్పి ఉంచాలి.

తుఫాను రాత్రి మనం చేసే ఫోన్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. కరెంటు పోయాక ఊళ్ళో ఫోను బ్యాటరీయే ఆధారం. అన్న ఒక దేశం నుంచి, చెల్లెలు ఇంకో దేశం నుంచి, పిన్ని కొడుకు మరో దేశం నుంచి గంటకోసారి చేస్తే తెల్లారేసరికి ఆ ఫోను చచ్చిపోతుంది. రొయ్యల గుంటలున్న ఇళ్ళలో ఆ రాత్రి పని ఇంకా ఎక్కువ. ఏరియేటర్లు ఆగితే నీళ్ళలో ఆక్సిజన్ తగ్గిపోతుంది, వాళ్ళు జనరేటర్ దగ్గరే ఉంటారు. కుటుంబంలో ఒక్కరే చేయండి, మిగతావాళ్ళు ఆ ఒక్కరిని అడగండి. మాట్లాడడం కంటే రెండు పంక్తుల మెసేజ్ మేలు.

గాలివాన లేని రోజుల్లో చేయగలిగిన పని ఇంకోటుంది. నెల్లూరు తీరం పొడుగునా పట్టపుపాళెం అన్న పేరు ఎన్ని ఊళ్ళకుందో అక్కడి వాళ్ళకు తెలుసు. మ్యాపులో ఒక పాళెం అడిగితే అది ఇంకో పాళేనికి తీసుకుపోతుంది. తుఫాను షెల్టర్ ఎక్కడుందో, బకింగ్‌హాం కాలువ మీద బండి పోయే వంతెన ఏదో, వాన పడితే తెగే చప్టా ఏదో మ్యాపులో సరిగ్గా లేకపోతే సాయానికి వచ్చిన కొత్త మనిషి దారి తప్పుతాడు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ 2004 నుంచి అందరికీ తెరిచి ఉన్న పటం. 2010లో హైతీ భూకంపం వచ్చినప్పుడు ప్రపంచం నలుమూలలా ఉన్నవాళ్ళు ఇళ్ళలో కూర్చుని అందులో వీధులు గీసి సహాయ బృందాలకు దారి చూపించారు. అదే పని మనం మన ఊళ్ళకు చేయొచ్చు. ఉపగ్రహ చిత్రం మీద రోడ్డు గీయడం పెద్ద విద్య కాదు. ఆ రోడ్డు పేరేమిటో, వానకు నిలుస్తుందో లేదో తెలిసినవాళ్ళు మాత్రం మనమే. పేర్లు తెలుగులోనే రాయొచ్చు.

మన సంఘంలో సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్ళకు కొదవ లేదు. ఈ శీతాకాలంలో వారాంతాల్లో ఆన్‌లైన్లో కూర్చుని, పెద్దవాళ్ళు చెబుతుంటే పిల్లలు గీసేలా ఈ పని మొదలుపెడుతున్నాం. కావలి, బోగోలు, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలాలతో మొదలు. మీ ఊరి షెల్టర్ ఏ బడి పక్కన ఉందో, ముందుగా నీళ్ళెక్కే వీధి ఏదో, నీళ్ళలోనూ ట్రాక్టరు పోగల దారి ఏదో రాసి మాకు పంపండి. ఊళ్ళో ఉన్న మామయ్యకో బాబాయికో ఒక్కసారి ఫోన్ చేసి సరిచూసుకున్నాకే పంపండి. పైన చెప్పిన ఆప్‌లలో తెలుగు ఎక్కడ అర్థం కాకుండా ఉందో, ఏ హెచ్చరిక ఇంగ్లీషులోనే వస్తోందో కూడా స్క్రీన్‌షాట్ తీసి జత చేయండి. వాటన్నిటినీ ఒకచోట చేర్చి, సవరించాల్సిన తెలుగు వాక్యం పక్కనే రాసి, ఆ ఆప్‌లు నడిపే సంస్థలకు సంఘం తరఫున పంపుతాం.