మురుగు పని ముఖ్యమైన పని కాదా?

మన రైళ్లు నడిచే పట్టాలలో పెద్ద భాగం దశాబ్దాలుగా భిలాయి ఉక్కు కర్మాగారం నుండి వస్తున్నవే. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం మేరకు నిర్మితమై, 1959 ఫిబ్రవరి 4వ తేదీన నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించుకున్న ఆ కర్మాగారానికి తోడుగా, సెక్టార్ల పేరిట ఒక కార్మిక పట్టణం వెలసింది. బతుకుదెరువు కోసం ఉత్తరాంధ్ర జిల్లాల నుండి రాయపూర్ రైలెక్కి వెళ్లిన తెలుగువారు ఎందరో ఆ సెక్టార్లలో స్థిరపడినారు. కర్మాగారంలో ఏ రోజున ఎన్ని టన్నుల ఉక్కు తయారైనదో లెక్క ఉంటుంది. ఆ ఉక్కును తయారుచేసిన కార్మికుని ఇంటి మురుగును మోసుకుపోయే గొట్టంలో ఎంత పూడిక చేరిందో, దానిని తీయడానికి ఎవరు దిగుతున్నారో అడిగేవారు మాత్రం అరుదు.

రైల్వే కాలనీలలోను, తపాలా శాఖ క్వార్టర్లలోను నివసించే మన సభ్యులకు ఈ సంగతి కొత్త కాదు. యజమానియే ఇల్లు కట్టి, నీరు ఇచ్చి, మురుగు తీయించవలసిన ప్రతి చోటా సమస్య ఒక్కటే. అందుచేత భిలాయి గురించి చెప్పుకోవడమంటే మన కాలనీల గురించి చెప్పుకోవడమే.

ఈ విషయాన్ని ఇప్పుడు ప్రస్తావించడానికి కారణం ఉన్నది. 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చిన నాలుగు కార్మిక స్మృతులలో ఒకటైన వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి, ఒక సంస్థ యొక్క ముఖ్య కార్యకలాపాలలో కాంట్రాక్టు కార్మికులను నియమించరాదని సూత్రం చెప్పి, ఆ వెంటనే పారిశుధ్యపు పనులను ముఖ్య కార్యకలాపాల జాబితా నుండి తొలగించింది. ఆ పని కోసమే స్థాపించబడిన సంస్థకు మాత్రమే మినహాయింపు. అనగా ఉక్కు కర్మాగారానికి గాని, రైల్వేకు గాని, తపాలా శాఖకు గాని మురుగు పని ముఖ్యమైనది కాదని చట్టమే తీర్మానించినట్లయినది. ఈ తీర్మానం నివాసికీ హానికరం, పనివానికి ప్రాణాంతకం అని మా నిశ్చితాభిప్రాయం.

ఇంటివారి బాధ

మురుగు గొట్టం ఒక్కనాటిలో పూడిపోదు. భిలాయిలో తొలి సెక్టార్లు కట్టి అరవై ఏండ్లు దాటినది. మన రైల్వే కాలనీలలో అంతకన్నా పాతవి ఎన్నో ఉన్నవి. అంతటి పాత గొట్టాల అతుకుల సందులలోకి చెట్ల వేళ్లు నీటిని వెదుక్కుంటూ చొచ్చుకుపోతాయి. వంటింటి జిడ్డు లోపలి గోడలకు పేరుకుంటుంది. ఇసుక, గుడ్డ పీలికలు, ప్లాస్టిక్ సంచులు దానికి తోడవుతాయి. నిలిచిన మురుగు నుండి పుట్టే వాయువు తడితో కలిసి ఆమ్లమై సిమెంటు గొట్టం పైకప్పును తినివేస్తుంది. ఒకప్పుడు ఒక కుటుంబం కోసం కట్టిన ఇంటికి అదనపు గదులు, వెనుక సందులో రేకుల షెడ్లు చేరినప్పుడు గొట్టం మీద భారం పెరుగుతుంది, మ్యాన్‌హోల్ మూత ఎక్కడున్నదో కూడా తెలియకుండా పోతుంది.

ఇవన్నీ ఏండ్ల తరబడి భూమిలోపల జరుగుతాయి. నివాసికి తెలిసేది మాత్రం ఒక ఉదయాన కింది అంతస్తు మరుగుదొడ్డి వెనక్కు పొంగినప్పుడే. రాత్రి డ్యూటీ చేసివచ్చిన లోకో పైలట్‌కు ఇంట్లో నిద్ర ఉండదు. ఇంటి ఆడవారు బకెట్లతో మురుగునీరు ఎత్తిపోస్తారు. ఫిర్యాదు పుస్తకంలో వ్రాసి వచ్చిన తర్వాత రెండు రోజులకో, నాలుగు రోజులకో మనిషి వస్తాడు.

కంపును భరించవచ్చునేమో గాని, దానితో వచ్చే రోగాన్ని భరించలేము. మన కాలనీలలో తాగునీటి గొట్టం, మురుగు గొట్టం తరచు పక్కపక్కనే పోతాయి. నీరు రోజుకు కొన్ని గంటలే వదిలే చోట, మిగిలిన వేళలలో ఖాళీ గొట్టం తన పగుళ్ల ద్వారా చుట్టూ ఉన్న మురుగును లోనికి పీల్చుకుంటుంది. నీటిలో మురుగు కలిస్తే ఏమగునో దేశ రాజధానియే చూపినది. 1955–56 చలికాలంలో యమునా నది నుండి తీసుకునే ఢిల్లీ తాగునీటిలో మురుగు కలిసి, సుమారు 29,000 మందికి కామెర్లు సోకినవి. ఇప్పుడు వర్షాకాలం వచ్చినదంటే ఏదో ఒక పట్టణంలో అదే కథ పునరావృతమవుతున్నది.

దిగేవాని ప్రాణం

ఫిర్యాదు అందుకున్న అధికారి కాంట్రాక్టరుకు ఫోను చేస్తాడు. కాంట్రాక్టరు ఇద్దరిని పంపుతాడు. వారి చేతిలో వెదురు బద్దలు, ఒక తాడు, ఒక బకెట్ ఉంటాయి. బద్దకు పూడిక లొంగకపోతే ఒకడు చొక్కా విప్పి లోపలికి దిగుతాడు.

లోపల ఏమున్నదో అతనికి చెప్పినవారు లేరు. కుళ్లిన మురుగు నుండి వెలువడే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు గాలికన్న బరువైనది గనుక అడుగున నిలిచి ఉంటుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. పాలు హెచ్చినప్పుడు ముక్కుకు వాసన పసిగట్టే శక్తినే చంపివేస్తుంది. వాసన పోయినది, ఇక భయం లేదని అతడు అనుకునే క్షణమే అత్యంత ప్రమాదకరమైన క్షణం. మొదటివాడు పడిపోతాడు, అతనిని లాగబోయిన రెండవవాడూ పడిపోతాడు.

2015 నవంబరులో కోళికోడ్ నగరంలో మ్యాన్‌హోల్‌లో దిగి మరణించిన ఇద్దరు కార్మికులు మన ఆంధ్రప్రదేశ్ నుండి పొట్ట చేతపట్టుకుని పోయినవారే. వారిని కాపాడబోయిన స్థానిక ఆటో డ్రైవరు వారితోపాటే అసువులు బాసినాడు. 2016 ఆగస్టులో హైదరాబాదు మాదాపూర్‌లో ఒకే మ్యాన్‌హోల్ నలుగురిని బలిగొన్నది.

విషవాయువు ఎంత నిశ్శబ్దంగా చంపుతుందో భిలాయికి ఒకరు చెప్పనక్కరలేదు. 2014 జూన్ 12న ఆ కర్మాగారపు పంపుహౌసులోకి విషవాయువు చొరబడి ఆరుగురు చనిపోయినారు. వారిలో ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్ హోదా కలవారు. వాయువు హోదాను చూడదని ఆనాడు అందరికీ తెలిసివచ్చినది. మ్యాన్‌హోల్‌లోకి మాత్రం ఏ హోదా కలవారూ దిగరు. అక్కడ భద్రతకు విలువ లేకపోవడానికి కారణం ఇంతకన్న వేరొకటి వెదకనక్కరలేదు.

చట్టమున్నది, అమలు లేదు

మానవ మలాన్ని చేతితో ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లోనే చట్టం వచ్చింది. 2013 చట్టం మరొక అడుగు వేసి, రక్షణ లేకుండా మురుగు గొట్టాలలోకి, సెప్టిక్ ట్యాంకులలోకి మనిషిని దింపడాన్ని నేరంగా ప్రకటించింది. మొదటిసారికి రెండేండ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, 1993 నుండి మురుగు గొట్టాలలో చనిపోయిన ప్రతివాని కుటుంబానికి పది లక్షల రూపాయలు చెల్లించవలెనని ఆదేశించింది. 2023 అక్టోబరు 20నాటి మరొక తీర్పులో ఆ మొత్తాన్ని ముప్పై లక్షలు చేసింది.

తీర్పులు స్వాగతించదగినవే. అయితే పరిహారం అనేది మనిషి పోయిన తర్వాతి మాట. మనిషి దిగకముందు అతనికి ఎవరు యజమాని అన్నదే అసలు ప్రశ్న. ప్రమాదం జరిగిన నాడు సంస్థ కాంట్రాక్టరును చూపుతుంది. కాంట్రాక్టరు ఉపకాంట్రాక్టరును చూపుతాడు. ఉపకాంట్రాక్టరు ఫోను మూగబోతుంది.

కాంట్రాక్టు ముసుగు

ఈ ముసుగు చరిత్ర మన సభ్యులు తెలుసుకొనవలసినది. కేంద్ర ప్రభుత్వ పరిధిలోని సంస్థల భవనాలను ఊడ్చే, శుభ్రపరచే, కాపలా కాసే పనులలో కాంట్రాక్టు పద్ధతిని నిషేధిస్తూ 1976 డిసెంబరు 9న ఒక నోటిఫికేషన్ వెలువడింది. పాతికేండ్ల తర్వాత, 2001 ఆగస్టు 30న, భిలాయికి యజమాని అయిన స్టీల్ అథారిటీ సంస్థయే కక్షిదారుగా ఉన్న కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ నోటిఫికేషన్‌ను కొట్టివేసింది. కాంట్రాక్టు రద్దయినంత మాత్రాన కార్మికుడు దానంతట అదే సంస్థ ఉద్యోగి కాడని కూడా తేల్చింది. ఆ తీర్పు మూసిన తలుపుకు ఇప్పుడు కొత్త స్మృతి తాళం వేసింది.

మన సంఘాలు నడిచి వచ్చిన దారి దీనికి భిన్నమైనది. 1974 మే నెలలో ఇరవై రోజులు సాగిన రైల్వే సమ్మె కోర్కెలలో క్యాజువల్ కార్మికుల పర్మనెంటు కూడా ఒకటి. 1985లో రైల్వే ప్రాజెక్టుల క్యాజువల్ కార్మికులు, 1987లో తంతి తపాలా శాఖ దినకూలీలు సుప్రీంకోర్టులో తమ హక్కును గెలుచుకున్నారు. వారు కూడా ఒకనాడు 'మన సభ్యులు కారు' అనిపించుకున్నవారే. నేడు మ్యాన్‌హోల్ పక్కన నిలబడిన మనిషి వారి వారసుడు.

మరొక కార్మిక పట్టణం మనకు హెచ్చరికగా ఉన్నది. కోలారు బంగారు గనుల కాలనీలలో పొడి మరుగుదొడ్లను తెలుగు దళిత కుటుంబాల వారు చేతులతో ఎత్తిపోసినారు. నేల లోతులలోని బంగారాన్ని యంత్రాలతో తీసిన సంస్థకు నేలమీది మలాన్ని తీయడానికి మాత్రం మనిషే కావలసివచ్చినాడు. ఆ కుటుంబాలలో ఒకదాని నుండి వచ్చిన బెజవాడ విల్సన్, అదే పోరాటానికి గాను 2016లో మెగసెసే పురస్కారం అందుకున్నారు.

వినవచ్చే ఆక్షేపణలు

వెనుక సందులు ఇరుకు, యంత్రం పట్టదు అని యాజమాన్యాలు చెప్పడం పరిపాటి. 2017లో హైదరాబాదు జలమండలి ఇరుకు సందులలో తిరుగగల చిన్న జెట్టింగ్ యంత్రాలను ప్రవేశపెట్టి ఆ మాటకు జవాబు చెప్పింది. ఖర్చు భరించలేమనే మాటకు జవాబు మన రైల్వేలోనే ఉన్నది. పట్టాల మీది మలాన్ని చేతులతో తీయించే పద్ధతిని కాలపరిమితి పెట్టుకుని తొలగించవలెనని సుప్రీంకోర్టు 2014 తీర్పులో రైల్వేలకు ప్రత్యేకంగా చెప్పింది. ఒకప్పుడు అసాధ్యమన్న బయో టాయిలెట్లు నేడు దాదాపు ప్రతి ప్రయాణికుల పెట్టెలోను ఉన్నవి. నిర్ణయం జరిగితే నిధులు వచ్చినవి.

మన సభ్యులలో కొందరు మరొక మాట అంటారు: "ముందు నా ఇంటి కంపు పోనీయండి, ఆ తర్వాత మిగతా సంగతులు." వారి తొందర న్యాయమైనదే. కాని ప్రతిసారి కొత్త కాంట్రాక్టరు, కొత్త మనిషి వచ్చే చోట ఏ గొట్టం ఎటు వంగినదో, ఏ చాంబరు ఏ చెట్టు కింద ఉన్నదో తెలిసినవాడు ఉండడు. నేడు బద్దతో పొడిచి వదిలిన అడ్డు నెల తిరగకుండా మళ్లీ వస్తుంది. కాలనీని ఎరిగిన పర్మనెంటు సిబ్బంది ఉంటే పొంగకముందే పూడిక తీస్తారు. కనుక ఇంటివాని సుఖం, పనివాని భద్రత రెండు కోర్కెలు కావు.

బ్రాంచీలకు మా మనవి

ప్రతి కాలనీలో మన బ్రాంచి ముందుగా మురుగు మార్గాల పటం కోరవలెను. పటం లేకపోతే తయారుచేయించవలెను. పూడిక తీసే పనికి వార్షిక కార్యక్రమం, పర్మనెంటు సిబ్బంది, జెట్టింగ్ యంత్రం, వాయువును కొలిచే పరికరం కావలెనని పి.ఎన్.ఎం. సమావేశాలలోను, జె.సి.ఎం. వేదికల మీదను అజెండాగా పెట్టవలెను. తాగునీటిని వర్షాకాలానికి ముందు, మధ్యలో పరీక్ష చేయించి ఫలితాన్ని నోటీసు బోర్డు మీద పెట్టించవలెను. కాంట్రాక్టు కార్మికులను మన సంఘ కార్యాలయానికి ఆహ్వానించి సభ్యత్వం ఇవ్వవలెను.

ఇంకొక మాట ప్రతి సభ్యునికి. ఫిర్యాదు పుస్తకంలో 'మనిషిని పంపండి' అని వ్రాయవద్దు. 'యంత్రాన్ని పంపండి, మనిషిని దింపవద్దు' అని వ్రాయండి. మీ ఇంటి ముందు ఎవరైనా చొక్కా విప్పి దిగబోతే వెంటనే ఆపి, బ్రాంచి కార్యదర్శికి కబురు చేయండి. ఇల్లు మరొక పూట కంపు కొట్టినా ఫరవాలేదు. దిగిన మనిషి తిరిగి రాకపోతే ఆ లోటును ముప్పై లక్షలు కాదు, మూడు కోట్లయినా పూడ్చలేవు.